గంధకపు గీత మీద పెన్సిలు

నల్లగొండ ఎండాకాలాన్ని ప్రేమించిన మనిషి ఆ జిల్లాలో నేను తప్ప ఇంకొకరు ఉండి ఉండరు. ఎనభైల చివరి మాట ఇది. మే నెల వచ్చిందంటే మా కాలేజీలో లెక్చరర్లంతా ఎవరి ఊరికి వాళ్లు పారిపోయేవాళ్లు. మిగిలినవాళ్లు తలుపులు మూసుకుని, తడిగుడ్డ కప్పుకుని పడుకునేవాళ్లు. నేను మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వడగాలి చుర్రుమంటే గంతులేసేదాన్ని. పెదవులు పగిలితే సంబరం. ఉతికిన చీర దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోగా ఆరిపోతే ఇంకా సంబరం. పుట్టింది పాలమూరులో కాబట్టి ఎండ నాకు కొత్త కాదు, కానీ దాన్ని చూసి మురిసిపోవడం మాత్రం కొత్తే.

కారణం ఒక చిన్న డబ్బా. అందులో నూనెలో మునిగి లిథియం ముక్కలుండేవి. లిథియానికి నీళ్లంటే గిట్టదు. గాలిలో తేమ తగిలినా చాలు, అప్పటిదాకా వెండిలా మెరిసిన ముక్క నల్లబడిపోతుంది. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో దీనికోసం గాలి చొరబడని గాజు పెట్టెలుంటాయి, చేతులు దూర్చడానికి రబ్బరు తొడుగులుంటాయి. మా కాలేజీకి అవేవీ లేవు. మాకున్నదల్లా నల్లగొండ మధ్యాహ్నం. పన్నెండింటి నుంచి మూడింటి దాకా మా ల్యాబులో గాలి అప్పడంలా ఎండి ఉండేది. సరిగ్గా ఆ మూడు గంటల్లోనే డబ్బా తెరిచి, లిథియం కోసి, గంధకం ముద్ద పక్కన పెట్టి, బిళ్లంత బ్యాటరీలు చేసి మూసేసేదాన్ని. ఫ్యాను వేస్తే గంధకం పొడి లేస్తుందని ఫ్యాను కూడా ఉండేది కాదు. చెమట బొట్టు లిథియం మీద పడకుండా నుదుటికి రుమాలు కట్టుకుంటే, చూసినవాళ్లు నాకు తలనొప్పి అనుకునేవాళ్లు.

ఆ కాలేజీలో నేను ఫిజిక్సు చెప్పేదాన్ని. హైదరాబాదులో ఒక ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీకి చేరి, ఈ లిథియం-గంధకం బ్యాటరీని పట్టుకున్నాను. పట్టుకున్నాను అనడం కన్నా, అదే నన్ను పట్టుకుంది అనాలి. మామూలు కారు బ్యాటరీ ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఇది అంత కరెంటూ ఇస్తుంది, జేబులో వేసుకుని తిరగొచ్చు. ఒక్కటే తంటా. నాలుగు రోజులు చక్కగా పనిచేసి ఐదోరోజు నీరసపడిపోతుంది. ఎందుకలా అంటే, దాని లోపల గంధకం ఉన్నచోట ఉండదు. మొదట గంధకం పరమాణువులు ఎనిమిదేసి చొప్పున చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఉంటాయి. కరెంటు తీస్తుంటే ఆ గుండ్రం తెగి గొలుసవుతుంది. ఆ గొలుసులు ద్రవంలో కరిగి, అవతల లిథియం వైపు వెళ్లిపోయి, దాన్ని పాడు చేస్తాయి. విప్పి చూస్తే ద్రవం అచ్చం మా ఇంటి పచ్చిపులుసు రంగులో ఉండేది. అది చూసిన మొదటిరోజు నాకు ఆకలి కూడా వేసింది.

గొలుసులున్నాయని అందరూ అనుకుంటున్నదే. ఏ దశలో ఎన్ని ఉన్నాయో కళ్లతో చూడాలన్నది నా పట్టు. దానికి ఎక్స్‌రే స్పెక్ట్రోగ్రాఫు కావాలి. పేరు పెద్దది గానీ పని సులువుగానే అర్థమవుతుంది. గంధకం పూత మీదుగా ఎక్స్‌రేలను పంపి, వంచిన అభ్రకం రేకుతో వాటిని ఇంద్రధనుస్సులా విడదీసి ఫిల్ము మీద పడేయాలి. ఆ ఇంద్రధనుస్సులో ఒక చోటు నుంచి గంధకం ఎక్స్‌రేలను మింగడం మొదలుపెడుతుంది. ఫిల్ము మీద ఆ చోట నలుపు తెగి తెలుపు మొదలవుతుంది. దాన్ని అంచు అంటాం. గుండ్రంగా ఉన్న గంధకానికి ఉత్త అంచే. గొలుసైతే మాత్రం దానికి రెండు కొసలుంటాయి కదా, ఆ కొసల్లోని పరమాణువులు కొంచెం ముందే మింగడం మొదలుపెడతాయి. అందువల్ల అంచుకు కాస్త ఇవతల, నలుపులో, వెంట్రుకంత తెల్లగీత రావాలి. ఆ గీత కనబడితే గొలుసులు దొరికినట్టే.

హైదరాబాదులో కొత్తది వచ్చాక మూలన పడేసిన పాత స్పెక్ట్రోగ్రాఫు మా కాలేజీకి లారీలో వచ్చింది. దాని ఎక్స్‌రే గొట్టం వేడెక్కి పేలిపోకుండా చుట్టూ ఎప్పుడూ నీళ్లు పారుతుండాలి. నల్లగొండలో, మేలో! డాబా మీద ఒక డ్రమ్ము, కింద ఒక డ్రమ్ము పెట్టించాను. పైడ్రమ్ము నీళ్లు పైపులోంచి దిగి, గొట్టాన్ని చల్లార్చి, కిందిడ్రమ్ములో పడేవి. రిటైర్మెంటుకు దగ్గరపడిన మా అటెండరు, నేను పెద్దయ్యా అని పిలిచే ఆయన, వాటిని బకెట్లతో మళ్లీ పైకి మోసేవాడు. నేనూ మోసేదాన్ని. మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా ఆయన ఒకటే మాట.

"గీ మిషన్‌కు మా బర్రెకన్న ఎక్కువ దూప అయితాంది మేడం. బర్రెకు తాపితె పాలన్న ఇస్తది."

"ఇది కూడ ఇస్తది పెద్దయ్యా. జర ఓపిక పట్టు."

ఇచ్చిందా అంటే, ఇచ్చింది. ఏప్రిల్లో తీసిన ఫిల్ము మీద అంచుకు ఇవతల గీత ఉంది. లేదేమో. ఉంది. భూతద్దం కింద కుడికన్నుతో చూస్తే ఉన్నట్టు, ఎడమకన్నుతో చూస్తే లేనట్టు. అంచు నుంచి దాని దూరం కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, హైదరాబాదు బస్సెక్కి ప్రొఫెసరు గారి ముందు పెట్టాను. మంచి మనిషి. కోపం రాదు, అభాండాలు వెయ్యడు. కిటికీ దగ్గర ఫిల్మును చాలాసేపు చూసి, నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"నాకు కనబడటం లేదమ్మా" అన్నాడు. "నువ్వు చూడాలనుకున్నావు. అందుకే నీకు కనబడుతోంది."

అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. పైగా ఆ తర్వాతి మాట ఇంకా మర్యాదగా చెప్పాడు. జూన్‌లో కమిటీ కూర్చుంటుందట. అప్పటికి అనుమానం లేని ఫిల్ము చూపించకపోతే ఈ అంశం వదిలేసి, బావుల నీళ్లలో ఫ్లోరైడు కొలిచే పని తీసుకోవాలట. అది మా జిల్లాకు అవసరమైన పనే, కాదనను. కానీ అప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లు నలుగురున్నారు. నా గంధకాన్ని చూసేది నేనొక్కదాన్నే. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాకా ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. చౌటుప్పల్ దాటాక భయం మొదలైంది. నిజంగానే లేని గీతను చూశానా? అలా చూసే కళ్లయితే గీత సంగతి దేవుడెరుగు, నేను చేసిన ఏ కొలతనైనా ఎందుకు నమ్మాలి?

జూన్ మొదట్లో మిరుగు కార్తె వచ్చి నాలుగు చినుకులు పడితే ఇక నా పొడిగాలి పోయినట్టే. మే చివరి వారంలో ఆఖరి ప్రయత్నం చేశాను. కొత్త బ్యాటరీని సగందాకా వాడి, విప్పి, లోపలి ముద్దను పలచని ప్లాస్టిక్ పొరల మధ్య పూసి, మూడు పగళ్లు ఎక్స్‌రే కింద ఉంచాను. కరెంటు పోయినప్పుడల్లా ఆపడం, వచ్చినప్పుడల్లా మొదలుపెట్టడం. మూడోరోజు సాయంత్రానికి పెద్దయ్య చొక్కా, నా చీర, మెట్లు, అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. ఫిల్మును నల్లకాగితంలో చుట్టి కడుగుదామని డార్క్‌రూమ్‌కు వెళ్లి కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ఉన్న నీళ్లన్నీ మిషను తాగేసింది.

డ్రమ్ములో మిగిలిన నీళ్లు తుప్పురంగులో ఉన్నాయి. ఊళ్లో మంచి నీళ్లూ డార్క్‌రూమూ రెండూ ఉన్నది ఒక్కచోటే, గడియారం సెంటరుకు దగ్గర్లో ఉన్న ఫోటో స్టూడియోలో. దాని వెనక పెరట్లో చేదబావి ఉంది. యజమానిని ఊరంతా చాచా అనేది. నల్లగొండ చుట్టుపక్కల ఎవరికి సంబంధం చూడాలన్నా ముందు చాచా దగ్గరకే వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆయన చేతిలో పడ్డ మొహం మీద మచ్చ ఉండేది కాదు. నెగెటివ్ మీద పలచగా వార్నిషు పూసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్క పక్కన చుక్క పెట్టి, పుట్టుమచ్చలు, అమ్మవారు పోసిన గుంటలు, కళ్లకింద గీతలు అన్నీ మాయం చేసేవాడు. నా పెళ్లిచూపుల ఫోటో కూడా ఆయనే తీశాడు. నా చెంప మీది పుట్టుమచ్చను అడక్కుండానే తీసేశాడు. పిల్లవాడి తరపువాళ్లు వచ్చి, నా చెంప వైపు, ఫోటో వైపు మార్చి మార్చి చూసి, వీళ్లకు ఇంకో అమ్మాయి కూడా ఉందా అని మా అమ్మను అడిగారు. ఆ సంబంధం తప్పిపోయింది. నేను పండగ చేసుకున్నాను.

మరునాడు పొద్దున్నే స్టూడియోకు వెళ్లాను. నిలబడి నేనే కడుక్కుందామనుకున్నాను గానీ, తొమ్మిదింటికి సప్లిమెంటరీ పరీక్షలకు ఇన్విజిలేషన్ పడింది. తప్పించుకునే దారి లేదు.

"చాచా, జర పదిలం. కడిగి ఆరబెడితె చాలు" అన్నాను.

"అరే ఫికర్ చెయ్యకు బేటా. నా బిడ్డ లగ్గం ఫోటోల్లెక్క చూసుకుంట" అన్నాడు.

మూడు గంటలు పరీక్షహాల్లో తిరిగాను. ఎవడు చీటీ పెట్టాడో, ఎవడు పక్కవాడి పేపరు చూశాడో నాకు తెలియదు. ఆ రోజు నా గదిలో పిల్లలు బాగా పాసయ్యారని తర్వాత విన్నాను. గంట కొట్టగానే జవాబు పత్రాలు అప్పజెప్పి, ఎర్రటి ఎండలో రిక్షా కోసం కూడా ఆగకుండా పరిగెత్తాను. ఫిల్ము స్టూడియోలో క్లిప్పుకు వేలాడుతోంది. తీసి, వెలుతురుకు పట్టి, భూతద్దం పెట్టాను.

అంచు ఉంది. కత్తితో కోసినట్టు ఉంది. నేను ఇన్నాళ్లలో తీసినవాటిలో అంత శుభ్రమైన ఫిల్ము లేదు. అంచుకు ఇవతల నలుపు. నున్నటి, ఒకేతీరు నలుపు. గీత లేదు.

కుడికన్నుతో చూశాను. ఎడమకన్నుతో చూశాను. పెళ్లివాళ్ల కోసం వేసిన కుర్చీలో, వెనక తాజ్‌మహల్ తెరతో సహా, కూలబడ్డాను. ప్రొఫెసరు గారు చెప్పింది నిజమే. ఏప్రిల్లో నేను చూసింది నా ఆశను. అంత చక్కటి ఫిల్ము మీద లేనిది అంత మసక ఫిల్ము మీద ఎక్కడినుంచి వస్తుంది? మూడేళ్ల పని, మోసిన బకెట్లు అన్నీ వృథా. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

చాచా లోపలి నుంచి వచ్చి నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. ఆరిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

"దొరికిపోయిన్నా?" అన్నాడు మెల్లగా. "మాఫ్ చెయ్ బేటా. తప్పు నాదే. మా బాయి నీళ్లల్ల ఇసుక వస్తది ఎండకాలం. కడిగినంక చూస్తె నీ ఫిల్ము మీద సన్నటి గీత పడ్డది. నిలువున, పైకెల్లి కిందిదాంక. నా నీళ్లే గీసినయనుకున్న. నువ్వు నమ్మి ఇచ్చిపోతివి, నీకేం మొఖం చూపియ్యాలె అని..."

"ఆఁ?" అన్నాను. "అయితే?"

"పెన్సిల్‌తోని నింపిన. దగ్గెర దగ్గెర గంటన్నర పట్టింది. మంచిగనే కలిసిందనుకున్న. నువ్వు పట్టేసినవ్."

"ఎక్కడ చాచా? ఎక్కడుండె గీత?"

ఆయన దగ్గరికొచ్చి, చిటికెనవేలి గోటితో, ఫిల్మును తాకకుండా చూపించాడు. అంచుకు ఇవతల. వెంట్రుకంత దూరంలో.

నేను కుర్చీలోంచి ఎంత ఎత్తు ఎగిరానో నాకు తెలియదు గానీ, లైటు స్టాండు ఒకటి పడిపోయింది. చాచా రెండు చేతులూ పట్టుకుని గుండ్రంగా తిప్పాను. అరవైకి దగ్గరపడిన మనిషి, "అరే, అరే, క్యా హువా" అంటూ నాతోపాటు తిరిగాడు. అప్పుడే ఫోటోకోసం వచ్చిన ఒక కొత్త జంట గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. గీతను చూడాలని చాచాకు ఏ కోశానా లేదు. అసలు అది ఉండొద్దనే ఆయన కోరిక. అయినా ఆయనకు కనబడింది! దాన్ని పోగొట్టడానికి గంటన్నర కూర్చునేంత గట్టిగా కనబడింది!

"టర్పెంటైన్‌తోని తుడిస్తె పోతది బేటా, పెన్సిల్ వార్నిషు మీదనే ఉన్నది. తుడవాల్నా?" అన్నాడు దూది అందుకుంటూ.

"ముట్టుకోవద్దు!" అని నేను అరిచిన అరుపుకు జంటలోని పెళ్లికూతురు ఒక అడుగు వెనక్కేసింది. "ఇట్లనే కావాలె నాకు. నీ పెన్సిల్‌తోనే పట్టుకపోత."

ఆ మధ్యాహ్నమే హైదరాబాదు బస్సెక్కాను. ఒళ్లో ఫిల్ము, సంచిలో చాచా ఇచ్చిన టర్పెంటైన్ సీసా, దూది. ఒంటి నిండా గంధకం కంపు ఎలాగూ ఉండనే ఉంది. నా పక్కసీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

ప్రొఫెసరు గారు ఇంటికి బయల్దేరబోతూ ఉన్నాడు. బతిమాలి కూర్చోబెట్టాను. ఫిల్ము మీద గీతల మధ్య దూరాలు కొలిచే సూక్ష్మదర్శిని ఆయన గదిలోనే ఉండేది. ఆయన కన్ను పెట్టి, మర తిప్పుతూ వెళ్లాడు.

"అంచు చాలా బాగుంది. గీత లేదే" అన్నాడు.

"నలుపును చూడండి సార్. ఉత్త నలుపు కాదు."

ఇంకొంచెం తిప్పాడు. ఆగాడు. "ఇవేమిటి, చుక్కలు? పెన్సిలా?" తలెత్తి నన్ను చూశాడు. ఆ మొహం చూడటానికి ఇంకో మూడేళ్లయినా బకెట్లు మోసేదాన్ని. జరిగింది చెప్పాను. చాచా ఎవరో, ఆయన ఏం పని చేస్తాడో, బావిలో ఇసుక, పరువు, అన్నీ ఒక్క గుక్కలో. ఆయన నవ్వలేదు. మళ్లీ కన్ను పెట్టి, పెన్సిలు చుక్కల వరస అంచు నుంచి ఎంత దూరంలో ఉందో మూడుసార్లు కొలిచి కాగితం మీద రాశాడు.

"ఏప్రిల్ ఫిల్ముకు నువ్వు రాసుకున్న లెక్క ఏది?"

నోటుబుక్కు తీసి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. రెండు అంకెల్నీ పక్కపక్కన చూశాడు. కొలతలో ఉండే చిన్న తేడా తప్ప, రెండూ ఒకటే.

తర్వాత దూదికి టర్పెంటైన్ అద్ది, చిన్నపిల్ల మొహం తుడిచినంత మెల్లగా ఫిల్మును ఆయనే తుడిచాడు. కిటికీ వెలుగుకు పట్టాడు. నలుపులో సన్నగా, తిన్నగా, పైనుంచి కిందిదాకా తెల్లగీత. భూతద్దం కూడా అక్కర్లేదు. నా గంధకం గొలుసులు.

ఆయన ఫిల్మును నా చేతికిస్తూ అన్నాడు, "నువ్వు చూడాలనుకుని చూడలేదమ్మా. ఉంది కాబట్టి చూశావు. ఆ రోజు నేను తొందరపడ్డాను."

ఫిల్మునూ నోటుబుక్కునూ సంచిలో పెట్టుకుని బయటపడ్డాను. సూర్యాపేట బస్సెక్కాను, నార్కట్‌పల్లిలో దిగి నల్లగొండకు మారాలి. కిటికీలోంచి వచ్చే వేడిగాలికి మొహం పెట్టి నాలో నేనే నవ్వుకుంటుంటే నార్కట్‌పల్లి ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. "కేతేపల్లి, కేతేపల్లి" అని కండక్టరు అరిస్తే ఉలిక్కిపడి దిగాను. వెనక్కి వెళ్లే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి కూడా నవ్వుతూనే ఉన్నాను. అక్కడ బఠాణీలు అమ్ముతున్న అవ్వ నాకు ఏమైనా అయిందేమోనని ఒక గుప్పెడు ఊరికే ఇచ్చింది.

మరునాడు చాచా దగ్గరికి వెళ్లేసరికి ఆయన గల్లాపెట్టె ముందు ముభావంగా కూర్చుని ఉన్నాడు. నేను గెంతిందంతా కోపంతోనేమో, పిచ్చెత్తిందేమో అని రాత్రంతా ఇంట్లో బెంగపడ్డారట. ఫిల్మును ఆయన చేతిలో పెట్టి, ప్రొఫెసరు గారి మాటలు చెప్పాను. ఆ గీత ఆయన బావి ఇసుక వల్ల పడింది కాదని, నేను మూడేళ్లుగా వెతుకుతున్నది అదేనని, నా కళ్లను నేనే నమ్మని రోజున ఆయన కన్నే నాకు సాక్ష్యం చెప్పిందని చెప్పాను. ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుని, గీతను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇరవై ఏండ్ల సంది మచ్చలు తీసిన బేటా" అన్నాడు. "మచ్చ దొరికిందని గంతులేసినోళ్లను నిన్నొక్కదాన్నే చూసిన."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వుతూ, ఏళ్ల అలవాటుకొద్దీ చెవి మీది పెన్సిలు తీయబోయి, ఆగి, దాన్ని సొరుగులో వేసి తాళం పెట్టాడు.

"మరి ప్రింటు ఏ సైజు తియ్యాలె?"

"నీ దగ్గర అన్నిటికన్న పెద్దది ఏదుందో అది, చాచా" అన్నాను.